సంతకం తర్వాత ఎవరు నిలబడతారు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో సూడాన్ అంతర్యుద్ధం గురించి వచ్చిన వ్యాసం చదివి వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి చాలామంది ఉత్తరాలు రాశారు. ఎక్కడో ఒక దేశంలో సొంత మనుషులే ఒకరినొకరు చంపుకుంటుంటే అమెరికా ఎందుకు మధ్యలోకి వస్తుంది, వచ్చినచోట కొన్ని యుద్ధాలు ఆగి మరికొన్ని ఎందుకు ఆగవు అన్నదే వాటిలో చాలావాటి సారాంశం. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: పరాయి దేశాల అంతర్యుద్ధాలను ఆపడానికి అమెరికా దౌత్యవేత్తలను పంపడంలో నిజంగా మానవత్వం ఉందా, లేక అంతా స్వార్థమేనా?
— డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ

జవాబు: రెండూ ఉంటాయి. ఏ పాలు ఎంత అన్నది దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. యుగోస్లావియా నుంచి విడిపోయిన బోస్నియాలో 1992 వసంతంలో ముస్లింలు, సెర్బులు, క్రొయేషియన్ల మధ్య యుద్ధం మొదలైనప్పుడు, ఇది ఐరోపా చూసుకోవలసిన వ్యవహారమని వాషింగ్టన్ మూడేళ్ళకు పైగా దూరంగానే ఉంది. 1995 జూలైలో, ఐక్యరాజ్యసమితి సురక్షిత ప్రాంతంగా ప్రకటించిన స్రెబ్రెనిత్సాలో సుమారు 8,000 మంది ముస్లిం పురుషులను, బాలురను సెర్బు దళాలు చంపిన తర్వాత ఆ దూరం పాటించడం అసాధ్యమైంది. కానీ కదలిక వెనుక సిగ్గు ఒక్కటే లేదు. అక్కడి ఐక్యరాజ్యసమితి దళాలు వెనక్కి రావలసి వస్తే వాటిని తీసుకురావడానికి తన సైనికులను పంపుతానని అమెరికా అప్పటికే మాట ఇచ్చి ఉంది. అంటే యుద్ధం ముగించడానికి కాకపోయినా, ఓటమిని మోసుకురావడానికైనా అమెరికా సైన్యం వెళ్ళవలసిందే. దానికి తోడు నాటో పరువు, మరుసటి ఏడు రాబోతున్న అధ్యక్ష ఎన్నికలు. ఇవన్నీ ఒకేచోట కలిశాయి కాబట్టే క్లింటన్ ప్రభుత్వం కదిలింది.

సూడాన్‌లో ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య నడిచిన యుద్ధం విషయంలో అమెరికాలోని క్రైస్తవ సంఘాలు, నల్లజాతి చట్టసభ సభ్యులు ఏళ్ళ తరబడి ఒత్తిడి తెచ్చారు. మాజీ సెనేటర్, మత గురువు కూడా అయిన జాన్ డాన్‌ఫోర్త్‌ను జార్జి బుష్ ప్రత్యేక దూతగా నియమించింది 2001 సెప్టెంబరు 6న. అయిదు రోజులకే న్యూయార్క్, వాషింగ్టన్‌ల మీద ఉగ్రవాద దాడులు జరిగాయి. 1990ల్లో బిన్ లాడెన్‌కు కొన్నేళ్ళు ఆశ్రయమిచ్చిన ఖార్టూమ్ (సూడాన్ రాజధాని) ప్రభుత్వానికి ఆ క్షణం నుంచి వాషింగ్టన్ మాట వినక తప్పని పరిస్థితి వచ్చింది.

అంగోలా కథ ఇంకా ఇబ్బందికరమైనది. 1980ల్లో చెస్టర్ క్రోకర్ అనే అమెరికా అధికారి అక్కడ మధ్యవర్తిత్వం నడుపుతుండగానే, అమెరికా సవింబి తిరుగుబాటు సేనకు ఆయుధాలు అందించింది. అయినా 1988 డిసెంబరు 22న న్యూయార్క్‌లో కుదిరిన ఒప్పందంతో, ప్రభుత్వానికి అండగా వచ్చిన క్యూబా సైన్యం అంగోలా నుంచి వైదొలగడానికి, దక్షిణాఫ్రికా ఏలుబడిలోని నమీబియా 1990లో స్వతంత్రం కావడానికి దారి ఏర్పడింది. అంగోలా లోపలి యుద్ధం మాత్రం 2002లో సవింబి హతమయ్యేదాకా సాగింది. ఫిరంగి గుండ్ల కింద బతుకుతున్న మనిషికి మధ్యవర్తి మనసు ఎంత స్వచ్ఛమైనదన్న చర్చ అక్కరలేదని నా అభిప్రాయం. అయితే ఆ ఉద్దేశాన్ని మనం పట్టించుకోవలసిన కారణం ఒకటుంది. మధ్యవర్తి ఎంత కాలం అక్కడ నిలబడతాడన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ప్రశ్న: మా ఊళ్ళో గట్టు తగాదా పంచాయితీకి పిలిచిన పెద్దమనిషికే ఆ పొలం మీద కన్ను ఉందని తెలిస్తే ఎవరూ ఆయన తీర్పు వినరు. ప్రతిచోటా ఏదో ఒక పక్షం వైపు మొగ్గే అమెరికా మధ్యవర్తి ఎలా అవుతుంది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: మాష్టారూ, మీ పోలిక సరైనదే. కానీ అదే పంచాయితీలో ఇంకో సంగతి కూడా మీరు చూసే ఉంటారు. ఏ పక్షంతోనూ సంబంధం లేని మంచి మనిషి చెప్పిన మాట అందరూ గౌరవంగా విని, ఇంటికి వెళ్ళి మరిచిపోతారు. మొండికేసిన పక్షానికి అప్పు ఇచ్చినవాడో, దగ్గరి బంధువో గట్టిగా చెబితే ఆ పక్షం దిగివస్తుంది. దేశాల మధ్య కూడా అంతే. మొగ్గు ఉండటం అనర్హత కాదు. తన వైపువాణ్ణి వంచే ఉద్దేశం ఆ మధ్యవర్తికి ఉందా లేదా అన్నదే చూడాలి.

ఆ ఉద్దేశం లేనప్పుడు ఏమవుతుందో చైనాలో తేలింది. రెండో ప్రపంచ యుద్ధ విజయానికి రూపకర్తల్లో ఒకరైన జనరల్ జార్జి మార్షల్‌ను అధ్యక్షుడు ట్రూమన్ 1945 డిసెంబరులో చైనాకు పంపాడు. చియాంగ్ కై షేక్ జాతీయవాదులకు, మావో కమ్యూనిస్టులకు మధ్య 1946 జనవరి 10న కాల్పుల విరమణ కుదిరింది. ఇద్దరూ నమ్మదగిన మనిషి, ఇద్దరినీ కూర్చోబెట్టగల హోదా. కానీ అదే సమయంలో అమెరికా ఓడలు, విమానాలు చియాంగ్ సైన్యాలను ఉత్తరాదికి చేరవేశాయి, మిగులు యుద్ధసామగ్రి కూడా ఆయనకే అమ్మారు. కొన్ని నెలల పాటు ఆయుధాల సరఫరా ఆపినా అప్పటికే ఆలస్యమైంది. నేనేం చేసినా అమెరికా నన్ను వదలదన్న ధీమా చియాంగ్‌ది, ఈ మధ్యవర్తి మాటకు అర్థం లేదన్న అనుమానం కమ్యూనిస్టులది. 1947 జనవరిలో ఇరుపక్షాల అతివాదులనూ తప్పుబడుతూ మార్షల్ వెనుదిరిగాడు. 1949 నాటికి విషయం రణరంగంలోనే తేలిపోయింది.

దీని పక్కన 1995 నవంబరులో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో జరిగినదాన్ని పెట్టి చూడండి. అమెరికా దూత రిచర్డ్ హోల్‌బ్రూక్ ఆ చర్చలకు రాజధానినీ, పెద్ద హోటల్‌నూ కాదని కంచె వేసిన రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరాన్ని ఎంచుకున్నాడు. బోస్నియా అధ్యక్షుడు ఇజెత్‌బెగోవిచ్, క్రొయేషియా అధ్యక్షుడు తుజ్‌మాన్, బోస్నియా సెర్బుల తరఫున కూడా మాట్లాడిన సెర్బియా అధ్యక్షుడు మిలోషెవిచ్ ఒకే వాహనాల ఆవరణ చుట్టూ ఉన్న సైనికాధికారుల అతిథి గృహాల్లో బస చేశారు. ఒకరి గుమ్మం నుంచి ఇంకొకరి గుమ్మానికి నడిచి వెళ్ళేంత దూరమే. పత్రికల వాళ్ళను లోపలికి రానివ్వలేదు. రోజూ విలేకరులకు గొప్పలు చెప్పుకునే అవకాశం లేకపోతే నాయకులు ఇచ్చిపుచ్చుకోవడానికి సిద్ధపడతారన్నది ఆయన లెక్క.

భూభాగాన్ని ముస్లిం–క్రొయేషియన్ సమాఖ్యకు 51 శాతం, సెర్బులకు 49 శాతంగా పంచాలని సూత్రం ముందే ఒప్పుకున్నా, ఏ కొండ ఎవరిది, ఏ వంతెన ఎవరిదన్నది పటం మీద గీయవలసి వచ్చింది. సెర్బుల ప్రాంతం మధ్యలో చిక్కుకున్న గొరాజ్‌దె పట్టణానికి సరాయెవో నుంచి సన్నని దారి ఎంత వెడల్పు ఇవ్వాలన్న పేచీ వచ్చినప్పుడు, అమెరికా సైన్యం ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసిన కంప్యూటర్ పటాన్ని మిలోషెవిచ్‌కు చూపించారు. విమానంలో వెళుతున్నట్టు ఆ లోయల మీదుగా తెర మీద తిప్పారు. ఆయన అడిగినంత సన్నని దారి ఆ కొండల్లో వేయడం కుదరదని కంటితో చూసిన తర్వాతే ఆయన ఇంకొంత భూమి వదిలాడు. చివరికి బ్రచ్‌కో అనే ఒక్క పట్టణం దగ్గర అంతా ఆగిపోయింది. చర్చలు విఫలమయ్యాయని ప్రకటించడానికి కాగితం సిద్ధమైన తర్వాత, నవంబరు 21 ఉదయం, ఆ పట్టణం సంగతి తర్వాత పంచాయితీదారు తేలుస్తాడన్న షరతుకు మిలోషెవిచ్ ఒప్పుకోవడంతో ఒప్పందం నిలబడింది.

ఆ మెత్తదనం ఊరికే రాలేదు. 1992 నుంచి ఉన్న అంతర్జాతీయ ఆంక్షలు సెర్బియాను పిండేశాయి. వాటిని తొలగించే తాళం చెవి వాషింగ్టన్ దగ్గర ఉంది. అంతకు రెండు నెలల ముందు నాటో విమానాలు బోస్నియా సెర్బుల స్థావరాల మీద బాంబులు వేశాయి, భూమి మీద క్రొయేషియన్, బోస్నియన్ సేనలు ముందుకు జరిగాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒప్పందం తర్వాతి సంగతి. నాటో ఆధ్వర్యంలో దాదాపు 60,000 మంది సైనికులు, వారిలో మూడో వంతు అమెరికన్లు, విడిపోయిన పక్షాల మధ్య వెళ్ళి నిలబడ్డారు. తుపాకీ దించిన తర్వాత నన్నెవరు కాపాడతారన్న ప్రశ్నకు ప్రతి పక్షానికీ కంటికి కనబడే జవాబు దొరికింది.

దీన్ని ఆదర్శంగా చూపించడం లేదు. సుమారు లక్ష మందిని బలిగొన్న యుద్ధాన్ని డేటన్ ఆపింది, కానీ జాతుల వారీ చీలికను రాజ్యాంగంలోనే రాసిపెట్టింది. ముగ్గురు సభ్యుల అధ్యక్ష పీఠంలో బోస్నియాక్ (బోస్నియా ముస్లిం), క్రొయేషియన్, సెర్బు తప్ప ఇంకెవరికీ చోటు లేదు. యూదులు, రోమా జాతివారు పోటీకి అనర్హులు కావడం వివక్ష అని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2009లోనే తీర్పు ఇచ్చినా ఆ నిబంధన మారలేదు. యుద్ధం ఆపడానికి రాసుకున్న కాగితంతోనే దేశాన్ని నడపవలసి రావడం ఎంత బరువో బోస్నియా ప్రజలు ఇప్పటికీ అనుభవిస్తున్నారు.

ప్రశ్న: మా అబ్బాయి జెడ్డాలో పనిచేస్తాడు. 2023లో సూడాన్ నుంచి మనవాళ్ళను ఓడల్లో అక్కడికే తెచ్చారని, అక్కడే శాంతి చర్చలు కూడా జరుగుతున్నాయని అప్పట్లో చెప్పాడు. 2005లో సూడాన్‌లో యుద్ధం ఆపగలిగిన అమెరికా ఇప్పుడెందుకు ఆపలేకపోతోంది?
— పాఠకురాలు, జగిత్యాల

జవాబు: అమ్మా, ఆ ఓడల కార్యక్రమం పేరు ఆపరేషన్ కావేరి. 2023 ఏప్రిల్ చివరి వారంలో మొదలై, పోర్ట్ సూడాన్ రేవు నుంచి జెడ్డా మీదుగా మూడున్నర వేలకు పైగా భారతీయులను ఇంటికి చేర్చింది. చర్చలూ అదే జెడ్డాలో, అమెరికా, సౌదీ అరేబియాల ఆధ్వర్యంలో జరిగాయి. సామాన్య ప్రజలను కాపాడతామని 2023 మే 11న ఇరుపక్షాలూ సంతకం చేశాయి, కాల్పుల విరమణకూ ఒప్పుకున్నాయి. ఏదీ నిలవలేదు.

2005 నాటి పరిస్థితిని ముందు చూద్దాం. 1983లో మళ్ళీ రాజుకున్న ఉత్తర–దక్షిణ యుద్ధంలో సుమారు 20 లక్షల మంది, ఎక్కువగా ఆకలితో, రోగాలతో చనిపోయారు. చర్చలను నడిపింది ప్రధానంగా తూర్పు ఆఫ్రికా దేశాల కూటమి ఇగాడ్ తరఫున కెన్యా జనరల్ లజారో సుంబెయ్‌వో. అమెరికా, బ్రిటన్, నార్వే ఆయన వెనుక నిలిచాయి. 2002 జూలై 20న కెన్యాలోని మచకోస్‌లో, ఆరేళ్ళ తర్వాత దక్షిణాది తన భవిష్యత్తును ఓటుతో తేల్చుకోవచ్చని కుదిరింది. 2003 సెప్టెంబరులో నైవాషాలో కుదిరిన భద్రతా ఒప్పందం నా దృష్టిలో మొత్తానికి కీలకం. దాని ప్రకారం దక్షిణాది తిరుగుబాటు నాయకుడు జాన్ గరాంగ్ సేన ఆయుధాలు అప్పగించనక్కర లేదు. ఆ ఆరేళ్ళూ దక్షిణాదిలో దాని సైన్యం దానికే ఉంటుంది, కొన్ని ఉమ్మడి దళాలు మాత్రం కలిసి పనిచేస్తాయి. ఖార్టూమ్ మాట తప్పితే మా గతేమిటన్న భయానికి అది విరుగుడు. 2004 జనవరిలో, దక్షిణాది చమురు ఆదాయాన్ని దాదాపు సగం సగం పంచుకోవడానికి ఒప్పుకున్నారు. 2005 జనవరి 9న నైరోబీలో గరాంగ్, ఉపాధ్యక్షుడు అలీ ఉస్మాన్ తాహా పూర్తి ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ చమురులో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కు 2003 నుంచి 25 శాతం వాటా ఉండేదని చాలామందికి తెలియదు. సూడాన్ మనకు ఎప్పుడూ పూర్తిగా పరాయి వ్యవహారం కాదు.

అయితే ఆ విజయం సగమే. 2003లో పశ్చిమ సూడాన్‌లోని డార్ఫర్‌లో మొదలైన మారణకాండను ఆ చర్చల్లోకి తీసుకురాలేదు. తెస్తే దక్షిణాది ఒప్పందం చెడిపోతుందని మధ్యవర్తులు భయపడ్డారు. ఉగ్రవాదానికి సాయపడే దేశాల జాబితా నుంచి పేరు తీసేస్తారని ఖార్టూమ్ పెట్టుకున్న ఆశ 2020 డిసెంబరు దాకా తీరలేదు. ఐక్య సూడాన్‌ను కోరుకున్న గరాంగ్ 2005 జూలై 30న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు. 2011 జనవరిలో దక్షిణాది దాదాపు 99 శాతం ఓట్లతో విడిపోవాలని తీర్పు చెప్పింది. కొత్త దేశం రెండున్నరేళ్ళు తిరగకముందే, 2013 డిసెంబరులో, అధ్యక్షుడు సాల్వా కీర్, మాజీ ఉపాధ్యక్షుడు రియెక్ మాచార్ వర్గాల మధ్య తన సొంత అంతర్యుద్ధంలో పడింది. అక్కడి ఐక్యరాజ్యసమితి స్థావరాలు గేట్లు తెరిచి వేలాది మందిని లోపలికి తీసుకున్నాయి. అదే డిసెంబరులో అకోబో స్థావరం మీద దాడిలో ఇద్దరు, అంతకు ముందు ఏప్రిల్‌లో జోంగ్లీ ప్రాంతంలో అయిదుగురు భారత శాంతి పరిరక్షక సైనికులు అమరులయ్యారు. వాషింగ్టన్ వెనుక నిలిచి కుదిర్చిన ఒప్పందాన్ని నేల మీద కాపాడే పని ఎవరి బిడ్డల మీద పడుతుందో ఈ మాటతో తెలుస్తుంది.

ఇప్పటి యుద్ధం 2023 ఏప్రిల్ 15న మొదలైంది. ఒక పక్క జనరల్ బుర్హాన్ నడిపే సూడాన్ సైన్యం, మరో పక్క హెమెద్తీ నడిపే ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే పారామిలిటరీ దళం. విడిపోయి బతకడానికి వీళ్ళకు వేరే ప్రాంతం లేదు, ఇద్దరికీ అదే రాజధాని, అదే ప్రభుత్వం కావాలి. ఓడితే జైలో, చావో అన్న లెక్కలో ఉన్నవాళ్ళు వాటాలకు ఒప్పుకోరు. రెండోది, డబ్బూ ఆయుధాలూ బయటి నుంచి వస్తున్నాయి, బంగారం బయటికి పోతోంది. హెమెద్తీ దళానికి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఆయుధాలు చేరవేస్తోందన్న ఆరోపణ నమ్మదగినదేనని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం చెప్పింది, ఎమిరేట్స్ దాన్ని ఖండిస్తోంది. ఈజిప్టు ఏమో బుర్హాన్ సైన్యానికి దగ్గర. 2025 సెప్టెంబరు 12న మూడు నెలల మానవతా విరామం కోరుతూ అమెరికాతో కలిసి ప్రకటన చేసిన సౌదీ, ఈజిప్టు, ఎమిరేట్స్‌లలో రెండు ఇవే. ఇంతకు ముందు మాష్టారు అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా కఠినమైన ఉదాహరణ ఉండదు. తనకు అతి దగ్గరి మిత్రులైన ఈ దేశాలను నొప్పించడానికి అమెరికా సిద్ధపడనంత కాలం బుర్హాన్, హెమెద్తీల మీద ఎంత ఒత్తిడి తెచ్చినా ఫలితం రాదని నేను నమ్ముతున్నాను. 2024 ఆగస్టులో జెనీవాకు పిలిస్తే సూడాన్ సైన్యం ప్రతినిధులను కూడా పంపలేదు. ఏడాదిన్నర ముట్టడి తర్వాత 2025 అక్టోబరు చివర డార్ఫర్‌లోని ఎల్ ఫాషర్ నగరం హెమెద్తీ దళం చేతిలో పడి, ఘోరమైన ఊచకోతలు జరిగాయి. కోటి మందికి పైగా ఇళ్ళు వదిలిపోయిన దేశమిది.

ప్రశ్న: నేను 1988లో శ్రీలంకలో మన శాంతి సేనలో పనిచేశాను. ఒప్పందం కుదిర్చిన మనమే తర్వాత యుద్ధం చేయవలసి వచ్చింది. అగ్రరాజ్యాలు కూడా ఈ పొరపాటు చేస్తాయా?
— మాజీ సైనికుడు, పెద్దపల్లి

జవాబు: చేస్తాయి, మనకన్నా పెద్ద ఎత్తున చేస్తాయి. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే సంతకాలు చేసిన ఒప్పందంలో ఎల్‌టీటీఈ భాగస్వామి కాదు. ఆయుధాలు దించవలసింది మాత్రం వాళ్ళే. సంతకం చేయనివాడి తరఫున హామీ ఇచ్చిన భారత్, అక్టోబరు నాటికి అతనితోనే పోరాడవలసి వచ్చింది. 1990 మార్చిలో తిరిగి వచ్చేసరికి దాదాపు 1,200 మంది మన సైనికులు ప్రాణాలిచ్చారు. మీ తరం చేసిన త్యాగానికి మన దగ్గర దక్కవలసిన గుర్తింపు దక్కలేదని ఇక్కడ చెప్పడం నా బాధ్యత.

2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా దూత ఖలీల్‌జాద్, తాలిబన్ నాయకుడు ముల్లా బరాదర్ చేసిన సంతకాల్లో ఇదే లోపం తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ తిరుగుబాటుదారులు బల్ల దగ్గర ఉన్నారు, కాబూల్ ప్రభుత్వం లేదు. 14 నెలల్లో విదేశీ సైన్యాలు వెళ్ళిపోతాయని, 5,000 మంది దాకా తాలిబన్ ఖైదీలను విడుదల చేస్తారని ఆ ఒప్పందం చెప్పింది. ఆ ఖైదీలు ఉన్నది మాత్రం చర్చలకు పిలవని ప్రభుత్వం జైళ్ళలో. విదేశీ సైనికుల మీద దాడులు తగ్గాయి, ఆఫ్ఘన్ సైనికుల మీద తగ్గలేదు. వెళ్ళే తేదీ ముందే చెప్పేసిన మధ్యవర్తి దగ్గర బేరానికి ఇంకేమీ మిగలదు. 2021 ఆగస్టు 15న కాబూల్ పతనమైంది. దాన్ని శాంతి ఒప్పందమని పిలవడం నాకు సమ్మతం కాదు. అది నిష్క్రమణ పత్రం.

ప్రశ్న: బాంబులు, ఆంక్షలు లేకుండా కేవలం ఓపికతో అమెరికా శాంతి కుదిర్చిన సందర్భం ఏదైనా ఉందా?
— పోటీ పరీక్షల అభ్యర్థి, కరీంనగర్

జవాబు: ఉంది, ఉత్తర ఐర్లండ్. బ్రిటన్‌లోనే ఉండాలనేవాళ్ళకు, ఐర్లండ్‌లో కలవాలనేవాళ్ళకు మధ్య మూడు దశాబ్దాల హింసలో సుమారు 3,500 మంది చనిపోయిన చోట, మాజీ సెనేటర్ జార్జి మిచెల్ 1996 జూన్ నుంచి చర్చలకు అధ్యక్షత వహించాడు. ఆయనతో పాటు కెనడా జనరల్, ఫిన్లండ్ మాజీ ప్రధాని కూర్చున్నారు. చర్చలకు రావాలంటే హింసను విడిచిపెడతామని మాట ఇవ్వాలన్న సూత్రాలు ఆయన పేరుతోనే నిలిచాయి. రోజుల తరబడి అందరి ఫిర్యాదులూ వినడమే తన పనిగా పెట్టుకుని, చివరికి 1998 ఏప్రిల్ 9 గడువు విధించాడు. మరునాడు, గుడ్ ఫ్రైడే రోజున ఒప్పందం కుదిరింది. మే నెల ఓటింగులో ఉత్తరాదిలో 71 శాతం దానికి మద్దతు పలికారు. అంతకు ముందు 1994లో, బ్రిటన్ అభ్యంతరాన్ని తోసిపుచ్చి, ఐఆర్‌ఏ సాయుధ సంస్థకు దగ్గరి పార్టీ అయిన షిన్ ఫేన్ నాయకుడు జెర్రీ ఆడమ్స్‌కు క్లింటన్ వీసా ఇవ్వడం వల్ల, తుపాకీ లేకుండానే గౌరవం దొరుకుతుందని ఆయన తన వాళ్ళకు చూపించగలిగాడు.

అయితే పరీక్షలో రాసేటప్పుడు ఒక్క విషయం మరవకండి. అక్కడ బ్రిటన్, ఐర్లండ్ అనే రెండు స్థిరమైన ప్రభుత్వాలు ఆ ఒప్పందానికి పూచీగా నిలబడ్డాయి. ఐఆర్‌ఏ ఆయుధాలు పూర్తిగా పక్కన పెట్టింది 2005లో, సంతకమైన ఏడేళ్ళకు. ఆ ఏడేళ్ళూ ఆ రెండు ప్రభుత్వాలు బల్ల దగ్గర నుంచి లేచిపోలేదు.

ప్రశ్న: 2004లో మన రాష్ట్రంలో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ జరిగిన చర్చలకు బలమైన మూడో పక్షం ఉండి ఉంటే ఫలితం వేరుగా ఉండేదా?
— న్యాయవాది, నర్సంపేట

జవాబు: మీ ప్రశ్నను దాటవేయను, ఎందుకంటే పగలు పోలీసులకు, రాత్రి అన్నలకు జవాబు చెప్పుకుంటూ బతికిన ఊళ్ళు మన జిల్లాల్లోనే ఉన్నాయి. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ కన్వీనర్‌గా 1997లో ఏర్పడిన పౌరుల కమిటీ ఏళ్ళ తరబడి ఇరువైపులా తిరిగి, ఇద్దరికీ అప్రియమైన మాటలు చెప్పి, 2004 అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో చర్చలు జరిగే స్థితికి తెచ్చింది. ఆ కమిటీ నిజాయితీని ఎవరూ శంకించలేదు. కానీ చర్చలు తట్టుకున్నది ఆయుధాల దగ్గరే: ఆయుధాలతో ఊళ్ళలో తిరగరాదని ప్రభుత్వం, ఆయుధాలు వదిలితే ఎన్‌కౌంటర్లు జరగవని హామీ ఎవరిదని ఉద్యమకారులు. ఆ హామీ ఇవ్వగల శక్తి కమిటీకి లేదు. 2005 జనవరిలో అంతా ముగిసింది, ఎదురుకాల్పులూ హత్యలూ తిరిగి మొదలయ్యాయి.

బయటి దేశం రావడం గురించి అయితే నేను ఒప్పుకోను. తన అంతర్గత వ్యవహారంలో మూడో దేశాన్ని భారత్ ఏనాడూ అంగీకరించలేదు, పనిచేసే న్యాయస్థానాలు, ఎన్నికలు ఉన్న దేశానికి ఆ అవసరమూ లేదు. నాటి లోటు వేరే చోట ఉంది. కాల్పుల విరమణను ఎవరు ఉల్లంఘించారో ఊరూరా వెళ్ళి నమోదు చేసి, బహిరంగంగా చెప్పే అధికారం ఉన్న స్వతంత్ర వ్యవస్థ ఏదీ ఏర్పడలేదు. హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఆధ్వర్యంలో అటువంటిది ఉండి ఉంటే కనీసం ఆ విరామం మరికొంత కాలం నిలిచేదని, కొన్ని ప్రాణాలైనా మిగిలేవని నేను అనుకుంటున్నాను.

ప్రశ్న: ఎన్నో యుద్ధాలు ఆపానని ట్రంప్ చెప్పుకుంటున్నారు. కాంగో కూడా ఆ లెక్కలో ఉంది. ఎంతవరకు నిజం?
— పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: ఆ లెక్కలో చాలావరకు రెండు దేశాల మధ్య ఘర్షణలే, అంతర్యుద్ధాలు తక్కువ. కాంగోలో రెండూ కలిసి ఉన్నాయి. రువాండా మద్దతు ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణులు చెబుతున్న ఎం23 తిరుగుబాటు సేన 2025 జనవరి చివర గోమా నగరాన్ని, ఫిబ్రవరిలో బుకావును పట్టుకుంది. సెల్‌ఫోన్లలో వాడే కోల్టాన్ ఖనిజానికి పేరుపడ్డ రుబాయా గనులు కూడా దాని చేతిలోనే ఉన్నాయి. జూన్ 27న వాషింగ్టన్‌లో కాంగో, రువాండా విదేశాంగ మంత్రులు ఒప్పందం మీద సంతకం చేశారు. ఎం23 అందులో లేదు. దానితో చర్చలను ఖతర్ విడిగా దోహాలో నడిపింది. డిసెంబరు 4న ఇరు దేశాల అధ్యక్షులు మళ్ళీ వాషింగ్టన్‌లో కలిసి సంతకాలు చేసిన కొద్ది రోజుల్లోనే ఎం23 ఉవీరా పట్టణంలోకి ప్రవేశించింది.

ఆ ప్రయత్నాన్ని నేను తేలిక చేయను. రువాండా రాజధాని కిగాలీనీ కాంగో రాజధాని కిన్షాసానీ ఒకే బల్ల దగ్గరకు తేవడం చిన్న పని కాదు, ఖనిజాల మీద ఆశ ఉన్నందువల్ల అమెరికా అక్కడ ఎక్కువ కాలం నిలబడే అవకాశం కూడా ఉంది. నన్ను బాధిస్తున్నది దాని పక్కనే జరిగిన ఇంకో పని. శిబిరాల్లో తిండి, మందులు, తిరిగి వచ్చినవాళ్ళకు విత్తనాలు, ఆయుధం దించిన యువకుడికి ఏదో ఒక పని చూపించడం వంటి కార్యక్రమాలకు దశాబ్దాలుగా డబ్బు పెట్టిన అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను 2025 జూలై 1న అధికారికంగా మూసేశారు. కాంగో ఒప్పందం మీద సంతకాలు జరిగి అప్పటికి నాలుగు రోజులు. సూడాన్‌లో పేటల కుర్రవాళ్ళు కలిసి నడుపుతున్న ఉచిత వంటశాలలు అనేకం ఆ నిధుల కోతతో అంతకు ముందే మూతబడ్డాయి.